ఎడమ భుజం, అరంగుళం

బకీ రేవులో, చేపల వేలం హాలు వెనక
పాత సామాన్ల కొట్లో దొరికింది.
కవరు మీద బొమ్మ:
గుప్పిట్లో ఇమిడే నడుముతో ఒకావిడ
చేతిలో గరిటె కూడా లేకుండా
వంటింట్లో నిలబడి ఎందుకో నవ్వుతోంది.
మూలన అచ్చేసిన ధర తొమ్మిది పెన్నీలు.
నేనిచ్చింది రెండు పౌన్లు.

విప్పితే ఉల్లిపొర.
గట్టిగా ఊపిరి వదిలితే లేచిపోయే కాగితం,
ముట్టుకుంటే పొడి దగ్గులా చప్పుడు.
అంచుల వెంట గుండుసూది బెజ్జాలు,
ఒక్కోచోట ఒకటి పక్కన నాలుగు.
ఒకసారి కుట్టి ఊరుకున్న మనిషి కాదు.

నడుము దగ్గర పెన్సిల్ గీత, అంగుళం వదులు.
దాన్ని ఆనుకుని నీలం సిరా, ఇంకో అంగుళం.
ఆ తర్వాత ఎర్ర పెన్సిల్,
లోపలికి. బాగా లోపలికి.
ఒళ్ళు నిండి, మళ్ళీ తరిగిపోయిన లెక్క
ఎవరూ అడక్కుండానే ఇక్కడుంది.
ఎడమ భుజం మీద మాత్రం
మూడు రంగుల్లోనూ ఒకటే మాట:
అరంగుళం దించు.

జేబు ముక్క లేదు.

కవరు వెనక మిసెస్ స్లేటర్ అని రాసుంది.
ఏ స్లేటర్? ఈ వీధిలో ఉత్తరాలు పంచేదాన్ని,
నాకు తెలీదా ఎంతమందో.
గడ్డం స్లేటర్లు, పిల్లి స్లేటర్లు,
ముత్తాత ఎవరో పడవని ఇసక మేటెక్కించినందుకు
ఇప్పటికీ మేట స్లేటర్లు.
ఇంటిపేరు రాసి మారుపేరు రాయకపోతే
ఈ ఊళ్ళో పోస్టు చేరదు.

విల్లమీనా కౌవీకి చూపించాను.
ఎనభై ఎనిమిదేళ్ళు, చూపు ఆనదు,
కాగితం భుజం మీద వేలితో తడిమింది.
"హెర్రింగు పీపాలు మోస్తే ఇలా దిగుతుంది.
చంకన పిల్లని మోసినా దిగుతుంది.
నాకేం తెలుసు," అని
దారం ఉండ కోసం వెతుక్కుంది.

జేబు తనే అల్లుతానంది క్రోషాతో.
నన్ను చదవమంది పాత అమెరికా పుస్తకంలోంచి.
అక్కడ డబుల్ అంటే ఇక్కడ ట్రెబుల్,
అది నాకు తెలీదు, తను అడగలేదు.
నేను చదువుతూ పోయాను, తను అల్లుతూ పోయింది,
తయారైంది ఒక జేబు,
పోస్టు స్టాంపు పట్టేంత.
ఇద్దరం నవ్వీ నవ్వీ
టీ చల్లారిపోయింది.
కొక్కేనికి తగిలిన పోగు లాగి
వరస వెంట వరస విప్పేసింది,
చీకటి పడేలోగా ఇంకోటి మొదలెట్టింది.

గుడ్డ, మూతపడ్డ లాడ్జి కర్టెన్లది:
ఆవపిండి రంగు మీద గోధుమ పూలు,
ఎవరికీ అచ్చిరాని పూలు.
వంటగది బల్ల మీద పరిచి
కాగితం మీద చెంచాలు బరువు పెట్టాను.
సుద్దముక్క ఎడమ భుజం దగ్గర ఆగింది.

నా సంచీ పంతొమ్మిదేళ్ళుగా కుడి భుజం మీద.
దిగింది నాకు కుడివైపు.
గీత సరిచేస్తే సరిపోయేది,
చేతిలోనే ఉంది కత్తెర.
ఎవరో తెలియని మనిషి మూడుసార్లు చెప్పిన మాట
నేను ఒక్కసారైనా వినకుండా ఎలా కత్తిరించను?

ఎడమే దించి కుట్టాను.
మంచు కురిసే శనివారం తొడుక్కుంటే
కుడివైపు చంక కోసింది, ఎడమవైపు సంచీలా వేలాడింది.
విప్పి, తిరగేసి, మళ్ళీ తొడుక్కున్నాను.
అంతే. సరిగ్గా కూర్చుంది.
కుట్లన్నీ పైకి, తెగిన పోగులు పైకి,
పూలు లోపలికి,
విల్లమీనా జేబు నా పొట్టకి ఆనుకుని, ఖాళీగా, వెచ్చగా.

ఇంట్లో మిగిలిన ఆకుపచ్చ పెన్సిల్‌తో
కాగితం మీద ఒక ముక్క రాశాను:
కుడి దిగినవాళ్ళు తిరగేసి తొడుక్కోవచ్చు.

తర్వాత మడిచాను. ఎన్ని రకాలుగా మడిచినా
కాగితం మళ్ళీ ఆ కవర్లో పట్టలేదు.
పోస్టాఫీసు రబ్బరు బ్యాండు ఒకటి వేశాను.