రెండు పాయింట్లు

పెళ్ళికూతురి మొహానికి
రెండు పాయింట్లు వెలుతురు పెంచడమే నా కూడు.
గ్రీమ్స్‌పేటలో ముప్పై ఏళ్ళుగా
నా స్టూడియో మెట్లెక్కిన ఏ చామనఛాయా
చామనఛాయగా దిగిపోలేదు.
అడగరు. అడక్కపోయినా పెంచుతా.
ఆల్బం తెరిచి చూసుకుని
బేరం మర్చిపోయి ఇచ్చేసి పోతారు.

రేషన్ కార్డు ఫోటోలకి పెంచను.
నలభై రూపాయలకి ఎవడు పెంచుతాడు?
నీలం తెర, ఒక స్టూలు, ఎదురుగా ఫ్లాష్.
అది ఏ దేశంలో
ఎవరి చెంపని చూసి నేర్చుకుందో గాని
నల్లటి మొహం కూర్చుంటే బిత్తరపోతుంది:
నుదుటి మీద ఒక మెరుపు, రెండు కళ్ళ తెలుపు,
మిగతాదంతా ఒకటే రాత్రి.
అట్లాంటివి, మిగిలిపోయిన కాపీలు,
డబ్బా నిండా ఉన్నాయి నా దగ్గర.

ఆ డబ్బా కోసమే వొచ్చినాడు కానిస్టేబుల్ తులసీరాం.
కట్టమంచిలో టీచరమ్మ మెళ్ళో గొలుసు
తెంచుకుని పోయినారంట.
"ఎట్లుంటాడంట?" అన్నా.
"నల్లగా."
అంతే. టీ తాగతా కూర్చున్నాడు.

ఎవరివి తియ్యాలో అతను చెప్పలేదు.
ఇది మాత్రం ఒప్పుకోవాల,
అతను చెప్పలేదు.
బజారు వీధి శెట్ల డబ్బా పైనే ఉంది,
టీచర్ల కాలనీది దాని పక్కనే.
శెట్లలో నల్లోళ్ళు లేరా?
మా బావమరిది లేడా, మాడిన దోసె మాదిరి?
నా చెయ్యి వాటిని తాకకుండానే
అడుగు అరకి వంగింది.
ఎరుకల మిట్ట. ఆరు ఫోటోలు.
పేకముక్కలు పంచినట్టు పంచినా.

వనజాక్షి టీచరమ్మ చూసింది
ఒక హెల్మెట్‌ని, ఒక చేతిని,
పోతా ఉండే బండి వెనక దుమ్ముని.
మొహాన్ని నేనిచ్చినా.
మూడో ఫోటో మీద వేలు పెట్టి
"ఈ కళ్ళే" అనిందంట.
కళ్ళు కావు తల్లీ అవి,
నా ఫ్లాషు.

ఆ దినం నాగులు బెల్లం మండీ నుంచి
అట్లనే వొచ్చి కూర్చున్నాడు, ఒళ్ళంతా చెమట.
తుడుచుకోమని గుడ్డ ఇవ్వాల్సింది.
గుడ్డ ఉంది. పెళ్ళిళ్ళకి పెట్టుకున్నా.

వాళ్ళ తాత కాలంలో
రాత్రిపూట ఠాణాకి పోయి
వేలిముద్ర వేసొచ్చి పడుకోవాలంట.
ఆ చట్టం ఎప్పుడో కొట్టేసినారు.
ఇప్పుడు ఎవరూ ఠాణాకి పోనక్కర్లే,
నేనుండా గదా,
పేట వారీగా సర్ది పెట్టుకుని.

పదకొండు దినాలు.
గొలుసు దొరకలేదని వదిలిపెట్టినారు.

నిన్న వొచ్చినాడు, ఎడమకాలు ఈడ్చుకుంటా.
కూతురికి హాస్టల్ ఫారానికి ఫోటో కావాల.
నన్నేమీ అడగలేదు.
ఆ ఆరూ యాడ నుంచి పోయినాయో
తెలుసో, తెలిసీ ఊరుకున్నాడో.
పిల్లని స్టూలు మీద కూర్చోబెట్టి
నూనె చేత్తో పాపిట సర్ది
మెల్లగా అన్నాడు:
"అన్నా, దీన్ని కొంచెం తెల్లంగా తియ్యి.
ఎక్కువైనా ఇస్తా."

బల్ల కింద డబ్బా కాలికి తగలతా ఉంది.
గుడ్డ తీసిచ్చినా.
ఫ్లాష్ మొహాన్ని గోడకి తిప్పినా.
మీటరు తెచ్చి చెంప పక్కన పెట్టి
ముప్పై ఏళ్ళకి
ఒక నలుపుని కొలిచినా.

ఫోటో చూసి నాగులు అన్నాడు,
"తెల్లంగా రాలేదే."
నలభై బల్ల మీద పెట్టినాడు.
తీసుకోకూడదని తెలుసు,
తీసుకోకపోతే ఎందుకని అడుగుతాడనీ తెలుసు.

పిల్ల మాత్రం
గడ్డం కింద చిన్న మచ్చని వేలితో వెతుక్కుని
"నాయినా, ఇది గూడా పడింది చూడు"
అని నవ్వింది.