నల్లగడిలో ఒక అక్షరం

నాకు ఐదుగురిని అప్పగించారు.
రెండో సంవత్సరంలోకి వచ్చానన్నదే నా అర్హత.
గణాంకాల పేపరు మూడోసారికి గట్టెక్కానన్న సంగతి
వాళ్ళు అడగలేదు, నేను చెప్పలేదు.

నలుగురు మొహాలు చూపించారు.
ఐదో గడి నల్లగా ఉంది,
మధ్యలో తెల్లగా ఒకటే అక్షరం: ము.

పెరంబూరులో మా అత్తగారి మేడమెట్ల మీద,
సిగ్నల్ దొరికే ఏడో మెట్టు మీద కూర్చుని
రోజూ రాత్రి తొమ్మిదిన్నరకి
ఆ అక్షరంతో మాట్లాడేదాన్ని.
అర్థమైందా అంటే
తెర మీద బొటనవేలు పైకి లేచేది.
అసైన్‌మెంట్ ఏదీ అంటే
మళ్ళీ అదే బొటనవేలు.

ఆ పసుపుపచ్చ వేలంత అబద్ధాలకోరు ఇంకోటి లేదు.
నాకు తెలుసు.
మొదటి ఏడాదంతా దాన్నే ఎత్తి పట్టుకుని
మునగకుండా ఉన్నాను.

నవంబరు వాన.
మిగతా నలుగురూ కరెంటుతో పాటే
ఒక్కొక్కరుగా పోయారు.
ఆ వేళ ప్రామాణిక విచలనం చెప్పాలి.
తేడా తియ్యి, వర్గం చెయ్యి, కూడు, భాగించు, మూలం కట్టు.
నా గొంతు నాకే
ఎవరికీ ఆకలి లేని ఇంట్లో వంట చెబుతున్నట్టుంది.
ఆపేశాను.
"ఇదెందుకో నాకూ తెలీదు తమ్ముడూ,
మార్కుల కోసం బట్టీ కొట్టాను."

చాలాసేపు వాన చప్పుడే.
తర్వాత మైకు తెరుచుకుంది.
ముందు ఏసీ హోరు,
నోట్లు లెక్కపెట్టే యంత్రం గరగర,
ఎవరో కార్డు మర్చిపోతే అది పెట్టే గోల,
వాటి వెనకాల
మా పుత్తూరు యాసకి అరవం అంచు కుట్టిన గొంతు:
"వేళచ్చేరిలో ఏటీఎం కాపలా అక్కా నాది.
కెమెరా పెడితే యూనిఫారం కనబడతాదని..."

మునిరత్నం. నాకన్నా నాలుగేళ్ళు పెద్ద.
తెలిశాక కూడా అక్కా అనడం మానలేదు.

"మా వీదికి నీళ్ళ లారీ వస్తాదక్కా,
ఒకరోజు ఐదుకి, ఒకరోజు ఆరుకి, ఒకరోజు పదికి.
సగటున ఏడుకని ఆఫీసులో రాసుకుంటారు.
ఏడుకి మాత్రం ఏ పొద్దూ రాలేదు.
బిందె పెట్టుకోని నిలబడిన మా యమ్మ
ఆ ఏడులో యాడుంది?
దాన్ని కొలిచేదేనా ఇది?"

ఏడో మెట్టు మీద లేచి నిలబడ్డాను.
మూడుసార్లు రాసిన పేపరు
అప్పుడు పాసయ్యాను.

కలిసి లెక్క వేశాం.
అతను ఎవరో పారేసిన రసీదు వెనకాల,
నేను పాలపాకెట్ల చీటీ మీద.
రెండు గంటల పది నిమిషాలు తేలింది.
"అంతేనా?" అన్నాడు.
"మా యమ్మ చెప్పేది శానా ఎక్కువే."

ఆ తర్వాత అంతా బాగైపోయిందని కాదు.
పగటి డ్యూటీకి మార్చారు, ఇరవై రోజులు కనబడలేదు.
పాఠాలు గొంతుతో రికార్డు చేసి పంపేదాన్ని,
బీచ్ రైల్లో చెవిలో పెట్టుకుని వినేవాడు.
"మైలాపూరు దాకా అర్థమైందక్కా,
చింతాద్రిపేటలో దారి తప్పినా" అని జవాబు.
అక్కణ్ణుంచే మళ్ళీ మొదలుపెట్టేదాన్ని.
ఒక పేపరు పోయింది. రెండు నిలిచాయి.

మొన్న ఫీజు గడువు నాది.
ఆయన జీతం రెండు నెలలుగా రాలేదు.
చదువు మూసేద్దామనుకుని
ల్యాప్‌టాప్ మీద తుండుగుడ్డ కూడా కప్పాను.
"బాగున్నావా అక్కా? వారం నించీ మాటే లేదు"
అని అతని మెసేజి.
ఏం రాయాలో తోచక
బొటనవేలు పంపాను.

అర నిమిషం కాలేదు, ఫోను మోగింది.
వెనకాల అదే ఏసీ హోరు.

"అక్కా,
ముందా వేలు దించు."