వరకు

నల్ల చొక్కా వేసుకో, అంది వెర్నా మొదటిరోజే.
నీ పాలిపోయిన చేతుల వెనక కాస్త చీకటి ఉండాలి.
ఉంగరాలు తీసెయ్. గోళ్ళ రంగు తుడిచెయ్.
గదిలో నువ్వుండాలి, ఎవరికీ అడ్డు రాకూడదు.
కిటికీకి అద్దం ఉన్నంత ఉండు, చాలు.

సెయింట్ పాల్‌లో జనవరి.
అవతల మిసిసిపి గడ్డకట్టి పడుంది.
గురువారం, పొద్దున్న ఎనిమిదింటికి భూగర్భశాస్త్రం.
ఇరవై నిమిషాలు వెర్నా, ఇరవై నిమిషాలు నేను.
ఇంటర్న్‌షిప్‌కి నూట ఎనభై గంటలు కావాలి,
అప్పటికి నా ఖాతాలో పదకొండున్నర.

మొదటి వరుసలో, నాకెదురుగా, పా కౌ.
లిండ్‌క్విస్ట్ గారు బోర్డుతో మాట్లాడతారు.
ఇటు తిరిగినా, ఆ మీసాల వెనక పెదాలు చదవడం
దేవుడి తరం కూడా కాదు.
మంచునదుల పాఠం. పదివేల ఏళ్ళు
ఆయన నోట్లోంచి గబగబా దొర్లుకొస్తున్నాయి.
ఒక వాక్యం వింటూ, దాని ముందుదాన్ని చెబుతూ
నా చేతులు వెనకాల పరిగెడుతున్నాయి.
రెండు పడవల మీద కాళ్ళంటారే,
నావి చేతులు.

"టిల్," అన్నారాయన.
మంచునది ఈడ్చుకొచ్చి, కరిగిపోతూ వదిలేసిన
రాయీ రప్పా బంకమన్నూ, అన్నిటికీ కలిపి అదట పేరు.
నాకేం తెలుసు.
నాకు తెలిసిన టిల్ ఒక్కటే.
ఒక చూపుడువేలు గాల్లో వంపు తిరిగి
రెండో చూపుడువేలి కొసను తాకింది:
వరకు.

మంచు వెళ్ళిపోతూ వదిలింది, వరకు.
పా కౌ కనుబొమలు ముడిపడ్డాయి.
చెయ్యెత్తి అడిగింది. గొంతు నేనిచ్చాను:
"ఎప్పటివరకు?"

గదంతా నవ్వింది.
వెనక వరుసలో ఒకడు బల్ల కొట్టి మరీ.
ఆమెకు వెనక వరుస కనపడదు.
లిండ్‌క్విస్ట్ గారి మీసాలు కదలడం కనపడింది.
ప్రశ్న ఆమెది, గొంతు నాది, తప్పు నాది,
నవ్వు మాత్రం ఆమె వాటాకొచ్చింది.

నోరు జారితే వెనక్కి తీసుకోలేమంటారు.
చెయ్యి జారితే?
దొరికిపోయే భయం లేదు.
ఆ గదిలో నా తప్పు చదవగలిగింది ఒక్క వెర్నాయే.
బధిరుల ఇంట పుట్టిన మనిషి,
మాట రాకముందే చెయ్యి తిరిగింది ఆమెకు.
కుర్చీలోంచి లేవలేదు.
మోకాలి మీద రెండువేళ్ళు కదిలాయి, అంతే:
చెప్పు.

మూడు వారాలుగా ఈ గదిలో
నేను అంటే పా కౌ.
"నాకు అర్థం కాలేదు", "నిన్న నేను రాలేదు",
"నా పెన్సిలు ఎవరైనా చూశారా",
అన్నీ ఆమెవే, నా గొంతులో.
ఇప్పుడు నా కోసం వెతుక్కుంటే
నేను అనే మాట ఎక్కడ పెట్టానో దొరకలేదు.

"తప్పు దుబాసిది," అన్నాను పైకి.
"విద్యార్థిది కాదు."
అవే మాటలు చేతులతో ఆమెకూ చెప్పాను.
చెవులు కాలిపోతున్నాయి.

బల్ల కొట్టినవాడు ఇంకోసారి నవ్వాడు, అలవాటు మీద.
పా కౌ అటు తిరగలేదు.
ఒక చేతిని మంచులా మెల్లగా పాకించి,
పిడికిలి విప్పి, వేళ్ళలోంచి రాళ్ళు రాల్చింది.
దీనికి ఇదనుకుందాం, అంది.
ఆ గంటంతా అదే వాడాం.

సాయంత్రం నా కాగితంలో
పొరపాట్లు అన్న గడిలో వెర్నా ఒకటి వేసింది.
ఇంకేమీ రాయలేదు.
కాఫీ మాత్రం నా చేతే కొనిపించింది.

బస్ స్టాపులో మైనస్ ఇరవై.
ఉన్ని తొడుగుల్లో చేతులకు మాట పడిపోతుంది.
పా కౌ పళ్ళతో ఒక తొడుగు లాగేసింది, తర్వాత రెండోది.
ఇక్కడ నేనెవరికీ దుబాసిని కాను,
ఈ నిమిషాలు ఏ లెక్కలోకీ రావు.
ఎర్రగా కందిన వేలొకటి గాల్లో వంపు తిరిగి
రెండోదాని కొసను తాకింది.
కనుబొమలు ముడిచే ఉన్నాయి,
పెదవి చివర ఏదో దాస్తోంది.
ఉంటావా? ఎప్పటివరకు?

నేనూ తొడుగులు తీశాను.
మే వరకు, అన్నాను.
వేళ్ళు కొంకర్లుపోయి 'మే' సరిగా పలకలేదు.
మళ్ళీ చెప్పమంది.