రిమార్కుల గడి

లియేపాయ చేపల బజారులో
ఇత్తడి తూకపు రాళ్ళు తనిఖీ చేసే ఉద్యోగం నాది.
అందరూ రాళ్ళతో చేపల్ని తూస్తారు.
నేను రాళ్ళనే తూస్తాను.

ఆ గురువారం క్రిష్యానిస్ కొట్లో
అరకిలో రాయి తిరగేస్తే అడుగున లక్క.
గోటితో గీకాను.
లక్క కింద తొర్ర,
పాలపన్ను ఊడిన చిగురులా నున్నగా.

ఫారంలో పెన్సిలుతో రాశాను:
ఉండవలసింది ఐదు వందల గ్రాములు,
ఉన్నది నాలుగు వందల అరవై,
తేడా నలభై.
చివర, రిమార్కులు అన్న గడిలో
చెయ్యి నన్నడక్కుండానే రాసేసింది: తప్పు.

ఆఫీసు పెద్ద కళ్ళజోడు నుదుటి మీదికి తోసి
"తూస్తే ఏం తేలిందో అదే రాయండి.
తొర్ర ఉంది, సరే. లక్క ఉంది, సరే.
తప్పు ఎక్కడుంది? ఎన్ని గ్రాములుంది?"
అంటూ రబ్బరు నా వైపు దొర్లించాడు.

ఇంట్లో మేనల్లుడు విస్వాల్డిస్.
వియన్నాలో రెండేళ్ళు చదివి
ఒక దగ్గు, ఒక పైపు, ఒక సిద్ధాంతం వెంట తెచ్చుకున్నాడు.
"మామయ్యా, తప్పు అన్నప్పుడు నువ్వు చెప్పిందేమీ లేదు.
ఛీ అన్నావు, అంతే.
ఒప్పు అంటే శభాష్.
ఛీ నిజమా అబద్ధమా అని ఎవరైనా అడుగుతారా?
తుమ్ముని సాక్ష్యమడుగుతామా?"
ముచ్చటేసింది. శభాష్ అన్నాను.

రాత్రి నిద్ర పట్టలేదు.
మలుగుచేప పులుసంటే నాకు ఛీ.
అది లొట్టలేస్తూ తినే పొరుగాయన మీద
ఎన్నడూ ఫారం నింపలేదు.
పోనీ, క్రిష్యానిస్ మీద నాకు ఛీ పుట్టిందా?
లేదే!
మా ఆవిడ జ్వరంతో పడుకున్న చలికాలం
మంచులో నడిచొచ్చి
పొగబెట్టిన చేపలు కాగితంలో చుట్టి గుమ్మంలో పెట్టి
తలుపు తట్టకుండానే వెళ్ళిపోయినవాడు.
తొర్ర చూడగానే నాకు కలిగింది జాలి.
జాలిపడుతూనే రాశాను ఆ మాట.
అయితే అది నా గుండెలోంచి రాలేదు.
త్రాసులోంచీ రాలేదు.
దీపం వెలిగించకుండా చాలాసేపు కూర్చున్నాను.

ఇంకొకటుంది, ఎవరికీ చెప్పనిది.
కొలువులో చేరిన ఏడు, రేవులో ధాన్యపు కాటా ఒకదానికి
చూడకుండానే ముద్ర కొట్టాను.
వాన. బూట్లు తడిశాయి. అంతే కారణం.
ఏమీ అనిపించలేదు. వెళ్ళి వేడివేడిగా కాఫీ తాగాను.
పదకొండేళ్ళ తర్వాత ఒక ఉదయం గడ్డం గీసుకుంటుంటే
ఒక చెంప నురగతో ఉండగానే
సిగ్గు ముంచుకొచ్చింది.
తప్పంటే ఆ సిగ్గే అయితే
ఆ పదకొండేళ్ళూ అది ఏమై ఉంది?
నేను రావడం ఆలస్యమైంది గానీ
అది అక్కడే, రేవులో, తడుస్తూ నిలబడి లేదా?

పొద్దున్నే విస్వాల్డిస్‌ని అడిగాను.
"ఇప్పటి ఛీని వెనక్కి విసురుతున్నావు మామయ్యా" అన్నాడు.
అన్నాడు గానీ, పైపు ఆరిపోయిన సంగతి చూసుకోలేదు.

మళ్ళీ బజారుకి వెళ్ళాను.
ఓటీలియా ముసలామె ప్రతి గురువారం
ఆ కొట్లోనే అరకిలో కొంటుంది.
నలభై గ్రాముల సంగతి చెప్పాను.
ఛీ అనలేదు. శాపం పెట్టలేదు.
వేళ్ళు మడిచింది:
"నలభై గ్రాములంటే మూడు చిన్న చేపలు.
మూడేళ్ళబట్టీ కొంటున్నా. ఏడాదికి ఎన్ని గురువారాలు..."
లెక్క మధ్యలో ఆపేసి
"పిల్లికి చాలడం లేదని
నా కంచంలోవి తీసి పెట్టేదాన్ని" అంది.

ఫారం నా సొరుగులో ఉంది.
రబ్బరు రుద్దినచోట కాగితం పలచబడింది,
అక్కడ సిరా పాకుతుందేమో.
గ్రాముల గడిలో పట్టదు,
ఛీకి గడే లేదు.
ఎక్కడ రాయాలో ఇంకా తెలియదు,
రాయక మాత్రం తప్పదు.