పట్టిక కింద చిన్న అక్షరాలు

పేపరు అచ్చయింది.
తస్లీమా మేడం ప్రింటు తీసి నా బల్ల మీద పెట్టి
"చివర చూడు కుళ్ళాయప్పా" అని వార్డుకు పోయింది.
పదకొండు పేజీలు. ఆఖర్న, కృతజ్ఞతల్లో, నా పేరు,
ఇంగ్లీషులో ఒక ఎల్ తక్కువ.
అయినా నాదే. రెండుసార్లు వేలితో తడిమినాను.

నాకు కూడబలుక్కుని చదివేంత ఇంగ్లీషు వచ్చు.
లూపస్ అనే మాట మాత్రం వెతకకుండానే దొరుకుతుంది,
నాలుగేళ్లుగా ట్యూబుల మీద చీటీల్లో
నా చేత్తో రాసిందే గదా.
నూటపన్నెండు మంది. అందులో నూటమూడు మంది ఆడవాళ్లు.
అందరి రెట్టలకూ రబ్బరు పట్టీ కట్టింది నేనే,
నరం దొరకనోళ్లను పిడికిలి బిగించమన్నదీ నేనే.

చీకటి గది గురించి రెండు వాక్యాలే రాసినారు.
రక్తం మీద తేరిన తేటను అద్దప్పలక మీద వేసి,
రంగు పట్టించి, లైట్లార్పి, మైక్రోస్కోపులో కన్ను పెడితే
పచ్చగా వెలిగేవి కణాలు.
బయట ఏప్రిల్. కరెంటు వైర్లు కూడా ఎండకు సాగి వేలాడేవి.
అనంతపురంలో అంత పచ్చదనం
నేను ఆ గదిలోనే చూసినాను.
మొదటిసారి బాగుందనుకున్నా, చెప్పడానికి సిగ్గు.
ఒంటి మీద ఒళ్లే తిరగబడిన జాడ అదని
మేడం చెప్పేదాకా.

నలభై ఒకటో నెంబరు మాళక్క.
బెళుగుప్ప దిక్కున గొర్రెల మంద.
ముక్కుకు అటూ ఇటూ చెంపల మీద ఎర్రమచ్చ.
సీతాకోకచిలుక రెక్కలంటాయి పుస్తకాలు.
ఆమె అట్లా అనలేదు.
"మొగం మీద పెనం పెట్టినట్టుంది సార్" అనింది.
ఎండకు పోవద్దంది మేడం.
మాళక్క కిటికీలోంచి బయటికి చూసింది.
"ఎండ లేని తావు ఏ మండలంలో ఉందమ్మా?"

జబ్బు పేరుకు అర్థమేందని అడిగింది.
పాత భాష ఒకదాంట్లో తోడేలు అంది మేడం.
మాళక్క నవ్వింది. నవ్వితే ఆ రెక్కలు కదిలినాయి.
"తోడేలును నేను రెండు తూర్లు చూసినా.
అది బయటినించి వస్తాది.
మీరు చెప్పింది ఇంటే ఇది తోడేలు గాదు మేడం,
మన కుక్క.
రేత్రంతా మందకు కావిలుండే కుక్కకు
యాడనో మతి తప్పి
మన గొర్రెనే పట్టుకునింది."

పెన్ను ఆగింది.
అట్లాంటి కుక్కను ఏం చేస్తారని అడిగింది మేడం, మెల్లగా.
"సంపుతామా? మర్సనాడు కావిలెవురు?
కట్టేస్తాం. మరీ బిగిచ్చి గాదు."

ఆ మాట నోటుపుస్తకం అంచున మేడం రాసుకోవడం చూసినాను.
పదకొండు పేజీలూ వెతికినా అది లేదు.
ఆ తావులో మందు మోతాదు మీద ఒక పేరా ఉంది,
మిల్లీగ్రాముల్లో.

"నా పేరుంటాదా అందులో?"
నెంబరే ఉంటుందక్కా అన్నాను.
"మేమూ గొర్రె చెవి కత్తిరిస్తాం లే,
ఎవురి మందో తెలియాలని"
అని పట్టీ తానే విప్పి నా చేతిలో పెట్టింది.

ఇప్పుడు మూడో పట్టిక కింద, చిన్న అక్షరాల్లో:
తొమ్మిది మంది తర్వాత పరీక్షలకు రాలేదు,
వారి వివరం తెలియలేదు.
నలభై ఒకటి ఆ తొమ్మిదిలో.

తెలియకపోవడమేంది?
పోయిన శనివారం సంతలో నల్ల గొడుగు కింద,
చీర మీద మగోళ్ల పొడుగు చేతుల చొక్కా వేసుకుని
పొట్టేలు పళ్లు చూపించి బేరమాడుతాంది.
చెంపల మీద రెక్కలు ఉన్నాయంటే ఉన్నాయి.
"మాత్రలు మింగుతాండా సార్.
బస్సుకూ గొర్రెలకూ నాకూ పొద్దు కుదరాల గదా."
కుక్క ఎట్లుందక్కా అన్నాను.
"పండుకోనుంది. ఒక కన్ను మూసి."

ప్రింటు మీద తొమ్మిది కొట్టేసి ఎనిమిదని రాసినాను పెన్సిలుతో.
మళ్లీ చెరిపేసినాను.
సోమవారం ఓపీకి రమ్మని చెప్పినాను గానీ
వానొస్తే వస్తానంది.
ట్యూబు ఒకటి చీటీ అంటించి పెట్టినాను.
ఈరోజు బుధవారం.