ఇలకూర

బుధవారం, పాటు తీసే వేళకి
ఎన్నూరు ఏటిగట్టు దిగుతాను,
ఐసుపెట్టె, కత్తెర, నంబర్లు రాసిన సంచులు.
అప్పటికే దేశమ్మ మోకాటిలోతు బురదలో
చేత్తో రొయ్యల్ని తడుముతూ ఉంటుంది.
"వచ్చినాడే, ఆకుల దొంగ!"

అరవోళ్లు ఉమిరి అంటారు. ఆమెకి ఇలకూర.
వాళ్లమ్మ రెండుసార్లు వార్చి పప్పులో వేసేదట,
వేరే ఉప్పు అక్కర్లేదట.

తరమణిలో, మూడో అంతస్తులో
ఆ ఆకుని ఆసిడ్‌లో నూరి వడగట్టి
నిన్‌హైడ్రిన్ పోసి గంటసేపు మరిగించి
ఐసులో దింపుతాను.
టోలీన్ పైకి తేలుతుంది ఎర్రగా.
ఎంత ఎరుపో అంత ప్రోలీన్,
ఎంత ప్రోలీనో అంత కష్టం
అని మా మేడం లెక్క.
పక్క కుండీలో వరిమొలక కూడా
వారంపాటు ఎరుపు చూపిస్తుంది.
ఎనిమిదో పొద్దుటికి కొసలు మాడి ఉంటాయి.

"ఉప్పు తిన్నోడు నీళ్లు తాగాల గదా,
ఇదేం తాగతాది?" అంది దేశమ్మ ఒకరోజు,
చీర కుచ్చిళ్లు పిండుకుంటూ.

చెప్పాను, నాకు వచ్చినంత:
ఉప్పుని గెంటెయ్యదు.
కణం నడిమధ్య పెద్ద కొట్టుగది, అందులోకి తోసి గడియ పెడుతుంది.
ఒక సోడియం లోపలికి పోవాలంటే
ఒక ప్రోటాన్ బయటికి రావాలి, గడప దగ్గర.
ఆ కూలి, పగలంతా ఎండలో సంపాదించిన చక్కెరే.
కొట్టులో అంత ఉప్పుంటే
వంటింటి నీళ్లు అటే పారిపోతాయి కదా,
అందుకని ఇవతల ప్రోలీన్, బీటైన్ వండి పెట్టుకుంటుంది,
నీళ్లని కూర్చోబెట్టడానికి.
అందుకే ఎదగదు. ఎదగాల్సిందంతా ఇలా ఖర్చు.

ఆమె విన్నదో లేదో.
"మా బోరు ఉప్పుదిరిగి పదకొండేళ్లు" అంది.
లారీ నీళ్లు బిందె ఇంత అని చెప్పి, తిట్టి,
"ఆ ఎర్రాకులు కొయ్యవేం?"

అవి ముసలివి. గది నిండిపోయినవి.
మిగిలిన ఉప్పంతా వాటికే పంపి
చెట్టు వాటిని రాల్చేస్తుంది.
మాకు కొసన రెండంగుళాల లేతాకే కావాలి,
అవి లెక్కలోకి రావు, అన్నాను.
అన్నాక ఆమె మడమలకేసి చూడలేకపోయాను.

మళ్లీ బుధవారం
నా పెట్టెలో ఒక సంచి ఎక్కువుంది.
నంబరు లేదు, వలదారంతో ముడి.
లోపల గుప్పెడు ఎర్రాకు.

నూరాను. మరిగించాను.
ఆకు అంత ఎర్రగా ఉందా,
టోలీన్ మాత్రం నీళ్లలా తేలింది.
నమ్మక రెండోసారి చేశాను.
అదే.

నోటుబుక్కు మార్జిన్లో పెన్సిల్‌తో రాసిపెట్టాను.
మేడం అడగలేదు.
దేశమ్మ అడుగుతుంది.