మూడో రీడింగ్

ఖఫ్జీ రేవులో కంటైనర్లో పెట్టిన మట్టి ల్యాబు.
బయట నలభై ఆరు డిగ్రీలు,
లోపల ఏసీకి వేళ్లు కొంకర్లు పోతుంటాయి.
సముద్రం అడుగు నుంచి తెచ్చిన పెట్టె మూత తీస్తాను.

బూడిదరంగు బురద.
పైన వేలెడు నీళ్లు, అందులో ఇంకా బతికున్న పురుగొకటి
ఎక్కడికొచ్చిందో తెలియక ముడుచుకుంటుంది.

నాలుగు రెక్కల ఇనుప పువ్వును
బురదలోకి దించి మెల్లగా తిప్పుతాను.
తెగేదాకా ఎంత ఓర్చుకుందో ముల్లు చెబుతుంది:
నాలుగు.
పది చుట్లు గిరగిరా తిప్పేసి మళ్లీ అడుగుతాను.
ఒకటిన్నర.
ఫారంలో ఆ రెండింటికే గడులున్నాయి.

ఈ బురద మీదే పైపు పడుకుంటుంది.
ఎవరూ మేకులు కొట్టరు,
తన బరువుకు తానే సగం దిగుతుంది.
నూనె వేడికి సాగుతుంది, బావి మూస్తే ముడుచుకుంటుంది,
కానీ బయల్దేరిన చోటికి రాదు.
ప్రతిసారీ బెత్తెడు తక్కువ.
దాన్ని నడక అంటాడు షెరీఫ్, మా ఈజిప్టు ఇంజనీరు.
పక్కకు వంగిన చోట
బురదను తోసి తోసి అటూ ఇటూ ఒడ్లు పోసుకుంటుందట,
తనను ఆపేవాళ్లను తనే తయారు చేసుకున్నట్టు.

కోరుట్లలో మా నాయిన కుండలు చేసేటోడు.
తొక్కిన మన్ను అలుగుతదిరా, అనేటోడు,
తడిగుడ్డ కప్పి పండనియ్యి,
పొద్దుగాలకు దానంతట అదే బిగుసుకుంటది.
నాకు అప్పుడు ఆడుకోవడం మీదే ధ్యాస.

మొన్న శమాల్ లేచింది.
రెండ్రోజులు రేవు మూసేశారు.
ఇసుక తలుపుల కింద నుంచి పాకి వస్తుంటే
క్యాంపులో పప్పు మీద పళ్లెం బోర్లించుకుని కూర్చున్నాం,
వించి బషీరు, నేను, మూలుగుతున్న ఫ్రిజ్జు.
తిప్పేసిన పెట్టె ల్యాబులోనే ఉండిపోయింది.

తిరిగొచ్చాక పారెయ్యబోయి
ఏమనిపించిందో, ఇనుప పువ్వును మళ్లీ దించాను.
ముల్లు ఒకటిన్నర దాటింది.
రెండు దాటింది.
రెండుంబావు దగ్గర ఆగింది.

గడి లేదు కాబట్టి పక్కన, అంచులో రాశాను.

షెరీఫ్ చాలాసేపు ఆ అంచునే చూశాడు.
ఏదో గీత గీశాడు, కొట్టేశాడు, మళ్లీ గీశాడు.
ఎవరు ఆగమన్నారు నిన్ను?
గాలి, అన్నాను.

సరే, ఇంకో పెట్టె తియ్యి, అన్నాడు,
ఈసారి ఒక రాత్రి, మూడు రాత్రులు, వారం.

నేను స్టోరుకెళ్లి
ఒక పాత గుడ్డ అడిగాను.
తడుపుకోడానికి.